మరియమ్మ పిల్లికి నేను పెట్టిన రాగిజావ

ఒక పిల్లి ఆరోగ్యం బాగుచేస్తానని బయలుదేరి, ఒక ఇంటి పండగ భోజనాన్నీ, ఒక పెద్దావిడ పరువునూ, సైన్సు మాస్టారుగా నాకున్న కాస్త పేరునూ ఒకే వేసవిలో గోదాట్లో కలిపిన మనిషిని నేను. ఇందులో పిల్లి తప్పు ఇసుమంత కూడా లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చదువుతూ చదువుతూ మధ్యలో మీరు పిల్లిని తిట్టుకునే ప్రమాదం ఉంది. తిట్టదలచుకుంటే నన్నే తిట్టండి. నాకు అలవాటే.

ఎనభైల నాటి మాట. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. భద్రాచలం దాటి దుమ్ముగూడెం పోయే దారిలో, ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి ఉన్న ఊళ్లో హైస్కూలు సైన్సు మాస్టారుగా వేశారు. మరియమ్మ అనే పెద్దావిడ ఇంట్లో ముందుగది కిరాయికి తీసుకున్నాను. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, మధిరలో కాపురం. ఆదివారం చర్చి, మిగిలిన రోజుల్లో కూరగాయల మడి, కోళ్లు, ఒక పిల్లి, ఇదీ ఆమె ప్రపంచం. పిల్లి పేరు మేస్త్రి. పొద్దున లేవగానే ప్రహరీ గోడ ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచి, ప్రతి ఇటుకనూ పరీక్షగా చూసి, ఏ పనీ చేయకుండా నిద్రపోయేది కాబట్టి ఆ పేరు పెట్టిందట.

ఇక నా సంగతి. ఆ ఏడాది జనవరిలో ఖమ్మం బస్టాండులో బస్సు కోసం ఎదురుచూస్తూ, పొద్దుపోక ప్రకృతి ఆహారం మీద ఒక సన్నటి పుస్తకం కొన్నాను. బస్సు కొత్తగూడెం చేరేసరికి టీ మానేశాను. పాల్వంచ దాటేసరికి మాంసం మానేశాను. భద్రాచలం వంతెన ఎక్కేసరికి లోకాన్ని మార్చాలని నిర్ణయించుకున్నాను. ఊళ్లో దిగినప్పుడు నా సంచిలో రెండు కిలోల పెసలు, రెండు కిలోల రాగిపిండి ఉన్నాయి.

లోకం అంత తేలిగ్గా మారలేదు. ఇంటింటికీ వెళ్లి చెప్పాను. కోడికూర తింటే రక్తం చెడుతుందని, ఉప్పు చేప తింటే మూత్రపిండాలు పోతాయని, మొలకెత్తిన పెసలు తింటే నూరేళ్లు ఢోకా లేదని. జనం మర్యాదస్తులు. అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అంతా విని, నేను వీధి మలుపు తిరగ్గానే కోడిని కోసుకునేవాళ్లు. హెడ్మాస్టరుగారు మాత్రం ఒకసారి మొలకలు నోట్లో వేసుకుని, "బాగానే ఉన్నయ్ గని, మా ఇంట్ల గొడ్డుకు చెప్పకు, పోటీకొస్తది" అన్నారు.

అలా శిష్యులు దొరక్క అల్లాడుతున్న సమయంలో మరియమ్మకు మధిర నుంచి కబురు వచ్చింది. కూతురికి రెండో కాన్పు, అత్తగారొక్కతే అన్నీ చేసుకోలేదు, తల్లి రావాలి. అప్పుడే ఆమెకు శ్రమదినాలు మొదలయ్యాయి. ఈస్టరుకు ముందు నలభై రోజులు ఆ ఇంట్లో నీసు ముట్టరు. ఆమె మూటాముల్లే సర్దుకుని నన్ను పెరట్లోకి పిలిచింది.

"సారూ, గీ కోడి, గీ పన్నెండు పిల్లలు. సూసుకున్నవా?"

చూశాను. పిల్లలు అప్పటికే పావురాలంత ఉన్నాయి.

"పండగ నాడు పుట్టే బిడ్డకు బాప్తిస్మం ఈడనే ఇప్పిస్త. మా వియ్యపురాలోళ్లు మొత్తం వస్తరు. అప్పటికి ఇవి కూరకొస్తయ్. ఒక్కటి కూడ పోవొద్దు సారూ. నీకు దండం పెడ్త."

ఆమె అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట పెద్ద మనవరాలి బాప్తిస్మానికి వియ్యాలవారు వచ్చినప్పుడు, అంతకు నెల ముందే గోదావరి పొంగి కోళ్లన్నీ కొట్టుకుపోయాయి. అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు పప్పుతో సరిపెట్టాల్సి వచ్చింది. వియ్యపురాలు ఒక్క మాట కూడా అనలేదట. ఒక్క మాట అననందుకే మరియమ్మ రెండేళ్లుగా కుమిలిపోతోంది. ఆ పప్పు బాకీ ఈ పండగతో తీరాలి.

"నువ్వు నిశ్చింతగా పోయిరా పెద్దమ్మా. నా ప్రాణం అడ్డుపెట్టి చూసుకుంటా" అన్నాను.

"నీ ప్రాణమెందుకు సారూ, జర కన్నేసి ఉంచు చాలు. ఇగో గీ డబ్బాల ఎండుచేపలున్నయ్. రోజూ ఒకటి కాల్చి, అన్నంల పిసికి మేస్త్రికి పెట్టు. మర్వకు."

బస్సు కదిలాక డబ్బా మూత తీశాను. ఉప్పు పేరుకున్న చేపలు. నా పుస్తకంలో ఉప్పు మీదే పన్నెండు పేజీలున్నాయి. అయ్యో, ఇన్నాళ్లూ ఈ మూగజీవికి ఈమె విషం పెడుతోందా అని నా గుండె కరిగిపోయింది. పైగా యజమానురాలు నీసు ముట్టని రోజుల్లో ఆమె పిల్లి చేపలు నమలడం ఏం బాగుంటుంది అని కూడా అనుకున్నాను. ఆ వారమే ఆరో తరగతి పిల్లల చేత 'మాంసాహార జంతువులు, ఉదాహరణ: పులి, పిల్లి' అని పదిసార్లు రాయించినవాణ్ని నేనే. పాఠం వేరు, జీవితం వేరు అనుకునే వయసది.

చేపల డబ్బా తీసుకెళ్లి పక్కింటి సీతారాములుకి ఇచ్చేశాను. ఆయన ఫారెస్టులో వాచరుగా చేసి రిటైరైనవాడు. అరవై దాటినా అడవిలో అడుగులు చూసి ఏ జంతువు ఎప్పుడు పోయిందో చెప్పేవాడు. డబ్బా చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"పిల్లికి పెట్టమన్నది గద సారూ?"

"పిల్లికి నేను మంచి తిండి పెడ్తున్న బాబాయ్. రాగిజావ, మొలకెత్తిన పెసలు, ఉడకబెట్టిన గుమ్మడికాయ."

సీతారాములు నన్ను కాసేపు చూశాడు. తర్వాత డబ్బాను చూశాడు. డబ్బా లోపల పెట్టుకుని, "సదువుకున్నోళ్లు, మీకే ఎరిక" అన్నాడు.

మరునాటి నుంచి మేస్త్రికి కొత్త జీవితం మొదలైంది. పొద్దున బడికి పోయే ముందు పెరట్లో సత్తుపళ్లెం పెట్టి, అందులో జావ పోసి, పైన మొలకలు చల్లి, పక్కన గుమ్మడి ముక్కలు సర్దేవాణ్ని. మేస్త్రి వచ్చేది. వాసన చూసేది. నా మొహంలోకి చూసేది. ఆ చూపులో ఉన్నది కృతజ్ఞత అనుకున్నాను. తినేటప్పుడు ఎవరూ చూడకూడదు, దిష్టి తగులుతుందని మా నాయనమ్మ చిన్నప్పుడే నేర్పింది కాబట్టి, నేను అటు తిరిగి గొడుగు తీసుకుని బడికి వెళ్లిపోయేవాణ్ని. సాయంత్రం వచ్చేసరికి పళ్లెం తళతళలాడుతూ ఉండేది. ఒక్క పెసరగింజ మిగిలేది కాదు.

పది రోజులు గడిచేసరికి మేస్త్రి బొచ్చు నిగనిగలాడింది. పొట్ట గుండ్రంగా తేలింది. నేను పొంగిపోయి హెడ్మాస్టరుగారిని ఇంటికి పిలిచి చూపించాను. ఆయన పిల్లిని చంకల కింద చేతులు వేసి పైకెత్తి, బరువు చూసి, "రాగిజావకేనా ఇంత?" అన్నారు. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి జావ మొదలుపెట్టారు. నా మొదటి శిష్యుడు అలా దొరికాడు. మరియమ్మకు కార్డు రాశాను: 'పిల్లి ఆరోగ్యంగా, బొద్దుగా ఉంది. నువ్వు వచ్చాక గుర్తుపట్టలేవు.'

కోడిపిల్లల గురించి కార్డులో రాయలేదు. ఎందుకంటే అప్పటికి అవి తొమ్మిది.

మొదటిది పోయినప్పుడు లెక్క తప్పానేమో అనుకున్నాను. రెండోది పోయినప్పుడు గద్ద అనుకున్నాను. మూడోసారి కంచె పక్కన నాలుగు ఈకలు కనిపించాయి. మధిరలో ఉన్న ఆ ముసలమ్మ పసిబిడ్డకు నీళ్లుపోస్తూ పండగ రోజున పెట్టబోయే కూర గురించి తలుచుకుంటూ ఉంటుంది కదా అనిపించి ఆ పూట అన్నం సహించలేదు. సీతారాములును పిలుచుకొచ్చాను. ఆయన కంచె దగ్గర గొంతుక్కూర్చుని, మట్టిని చూసి, ఈకలను చూసి, మెల్లగా లేచాడు.

"సారూ, ముప్పై ఏండ్లు అడవిల తిరిగిన. పెద్దపులి అడుగు సూసి అది ఆడదా మగదా చెప్పిన. నా మాట ఇంటవా?"

"చెప్పు బాబాయ్. ముంగిసా? అడవి పిల్లా?"

"పిల్లే. అడవిది మాత్రం కాదు. గిది మేస్త్రి అడుగు."

నాకు నవ్వొచ్చింది. ఆయన వయసును చూసి జాలి కూడా కలిగింది. "మేస్త్రి ఇప్పుడు నీసు ముట్టదు బాబాయ్. శాకాహారి" అన్నాను.

"ఆ సంగతి మేస్త్రికి ఎరికేనా?"

"ఎరిక గాకపోతే పళ్లెం ఎందుకు ఖాళీ చేస్తది? కడుపునిండా జావ తాగిన పిల్లి మళ్లా కోడిపిల్ల జోలికి ఎట్ల పోతది? నువ్వే ఆలోచించు."

సీతారాములు ఆలోచించాడు. "అవ్, పళ్లెం ఖాళీ అయితున్న మాట నిజమే" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అనుభవాన్ని తర్కంతో ఓడించానని నాకు ఆ రోజంతా గర్వంగానే ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది చదివి నవ్వకండి. నవ్వినా పరవాలేదు కానీ, నా శిష్యులెవరికీ చెప్పకండి. కోళ్లను కాపాడటానికి నేను ఒక పథకం వేశాను. పెరట్లో వెదురు దడి కట్టిన కోళ్లగూడు ఉంది, దానికి తడిక తలుపు. గద్ద పైనుంచి రాకుండా కప్పు మీద కొబ్బరిమట్టలు పరిచాను. ముంగిస దూరకుండా సందుల్లో రాళ్లు పెట్టాను. ఆ తర్వాత తల్లికోడిని, తొమ్మిది పిల్లలను లోపల పెట్టి, వాటికి కాపలాగా మేస్త్రిని కూడా దాని జావ పళ్లెంతో సహా లోపలికి పంపి, బయట గొళ్లెం వేసి బడికి వెళ్లాను. పిల్లి వాసన తగిలితే ముంగిస దగ్గరకు రాదని ఎక్కడో చదివాను. మేస్త్రి లోపలికి వెళ్లడానికి కొంచెం కూడా మొండికేయలేదు. దాని బాధ్యతను అది అర్థం చేసుకుందని మురిసిపోయాను.

సాయంత్రం తడిక తీసేసరికి తల్లికోడి గూడు కప్పునంటుకుని ఒక వాసం మీద బిగుసుకుపోయి కూర్చుని ఉంది. పిల్లలు ఏడు. మేస్త్రి మధ్యలో వెల్లకిలా పడి నిద్రపోతోంది. దాని ముక్కు మీద రక్తపు గీత.

ఏ తెలివైనవాడికైనా ఆ దృశ్యం అర్థమయ్యేది. నాకూ అర్థమైంది, నా పద్ధతిలో. ఎవడో బలమైన శత్రువు లోపలికి వచ్చాడు. మేస్త్రి వీరోచితంగా పోరాడింది. గాయపడింది. అలసి సొమ్మసిల్లింది. నేను దాన్ని ఒళ్లోకి తీసుకుని, ముక్కుకు పసుపు పెట్టి, రెండు గిన్నెల జావ అదనంగా కాచాను. ఆ గాయం తల్లికోడి ముక్కుతో పొడిచినదని, ఆ పెరట్లో నిజంగా పోరాడింది ఆ ఒక్క తల్లేనని తెలిసినప్పుడు ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. ఇప్పటికీ తల్లికోడిని చూస్తే చూపు తిప్పుకుంటాను.

కాపలా కొనసాగింది. ఏడు ఐదయ్యాయి, ఐదు మూడయ్యాయి. ఆ మూడూ కాస్త పెరిగి, తన్నడం నేర్చుకుని, మేస్త్రికి కొరుకుడు పడలేదు కాబట్టి మిగిలాయి. మధిర నుంచి అల్లుడి చేతిరాతతో ఉత్తరం వచ్చింది. 'మగపిల్లగాడు. పండగ ముందటి రోజు వస్తున్నం. కోళ్లు పదిలం. మేస్త్రికి చేప పెడ్తున్నవా?' చివరి మూడు ముక్కలూ మూడు బాణాలే. జవాబు రాయడానికి కార్డు తీసి, 'క్షేమం' అని రాసి, తర్వాత ఏం రాయాలో తెలియక చింపేశాను.

శనివారం మధ్యాహ్నం బస్సు దిగారు. మరియమ్మ చేతిలో పసివాడు, వెనకాల కూతురు, పెద్ద మనవరాలు. అత్తగారివాళ్లు మరునాడు పొద్దున్నే వస్తారు. ఆమె పిల్లవాణ్ని కూతురికిచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నేరుగా పెరట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను, ఫలితాల రోజు బోర్డు దగ్గరికి వెళ్లే పిల్లవాడిలా.

"సారూ, మిగిలినయ్ యాడికి పోయినయ్?"

"లేవు పెద్దమ్మా. ఏదో వచ్చి పట్టుకపోతున్నది. చాన ప్రయత్నం చేసిన."

ఆమె గూటి పక్కన రాయి మీద కూర్చుని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. "మళ్లా పప్పేనా?" అని తనలో తాను అనుకున్న మాట నాకు వినిపించింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాసేపటికి ఆమె చూపు గోడ మీదకు పోయింది. గోడ మీద మేస్త్రి. మరియమ్మ దాన్ని తల నుంచి తోకదాకా చూసింది.

"ఏం పెట్టినవ్ సారూ దీనికి?"

ఇదొక్కటైనా గర్వంగా చెప్పుకోదగిన విషయం కదా అనిపించింది. జావ, మొలకలు, గుమ్మడికాయ అన్నీ వివరంగా చెప్పాను. పోషక విలువలు కూడా చెప్పబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఏది, ఒకపాలి పెట్టు సూద్దాం."

పళ్లెం తెచ్చి, జావ పోసి, మొలకలు చల్లాను. పళ్లెం నేలకు తాకిన చప్పుడు వినిపించడమే ఆలస్యం, తల్లికోడి, మూడు పిల్లలు గూట్లోంచి పరుగెత్తుకొచ్చి పళ్లెం మీద పడ్డాయి. ముక్కులతో టకటకా పొడుస్తూ పెసలు, జావ, గుమ్మడి అన్నీ ఊడ్చేశాయి. మేస్త్రి గోడ మీద నుంచి కదల్లేదు. ఒక్కసారి ఆవులించి, పిల్లల వైపు చూసి, పెదాలు నాక్కుంది.

అప్పుడు నాకు అంతా తెలిసింది. నలభై రోజులు నేను మొలకలతో మేపింది కోడిపిల్లలను. అవి బలిసిన కొద్దీ మేస్త్రి తిన్నది వాటిని. ఆ విధంగా నా ప్రకృతి ఆహారం పిల్లికి చేరిన మాట వాస్తవమే, కాకపోతే ఒక మజిలీ ఆగి చేరింది.

"ఎండుచేప నేను దానికి ముద్దు కోసం పెడ్తున్ననుకున్నవా?" అంది మరియమ్మ. "దాని కడుపు దానికి నిండితే అది కోళ్ల దిక్కు సూడదు. గట్ల ఆరేండ్లు ఒక్క పిల్ల దాని నోట్ల పడకుంట నడిపిన. శ్రమదినాలు నాకు సారూ. నా పిల్లికెందుకు పెట్టినవ్?"

దానికి జవాబు పుస్తకంలో లేదు. చొక్కా వేసుకుని, బుట్ట తీసుకుని, కోళ్ల కోసం ఊరి మీద పడ్డాను.

నా కష్టాల్లో అసలు ఘట్టం ఇదే. మూడు నెలలుగా ఏ గడపల్లో నిలబడి కోడికూర విషమని చెప్పానో, అవే గడపల్లో నిలబడి కోళ్లు అడగాలి. మొదటి ఇంటావిడ చేట పక్కన పెట్టి తీరిగ్గా కూర్చుంది.

"కోడి తింటే రక్తం చెడ్తదంటివి గద సారూ?"

"పండగ నాడు చెడదమ్మా."

"గట్లని పుస్తకంల ఉన్నదా?"

"ఉన్నది. చివరి పేజీల ఉన్నది."

రెండో ఇంట్లో ఆయన మొలకలు కావాలంటే ఎన్నైనా ఇస్తానన్నాడు, కోడి మాత్రం నా ఆరోగ్యం దృష్ట్యా ఇవ్వలేనన్నాడు. మూడో ఇంట్లో నా చేతే మొత్తం ఉపన్యాసాన్ని తిరగేసి చెప్పించారు. కోడికూర బలమని, ఎముకలు గట్టిపడతాయని, నూరేళ్లు ఢోకా లేదని. చెప్పాకే ఒక పుంజునిచ్చారు. హెడ్మాస్టరుగారి ఇంటికి వెళ్తే, ఆయన విషయం మొత్తం విని, లోపలికి వెళ్లి, జావ గిన్నె తెచ్చి నా ముందే పెరట్లో పారబోసి, ఒక పెట్టను నా బుట్టలో వేశారు. సీతారాములు ఇంటి ముందుకు వచ్చేసరికి ఆయనే రెండు పెట్టల కాళ్లు కట్టి పట్టుకుని ఎదురొచ్చాడు.

"మేస్త్రి చేపలు నేను తిన్న సారూ. గీ పాపంల నాకు సగం ఉన్నది. తీస్కపో."

కొందరు డబ్బు తీసుకున్నారు, కొందరు వద్దన్నారు, అందరూ నవ్వారు. పొద్దు వాలేసరికి బుట్టలో తొమ్మిది కోళ్లు. మరియమ్మ ఒక్కొక్కదాన్ని చేత్తో తూచి చూసింది. ఆమె ముఖంలో వెలుగు తిరిగి రావడం చూశాక నాకు ఊపిరి ఆడింది. "జర ముందే నవ్వులపాలు గావద్దా సారూ, నాకు గింత ఏడుపు తప్పేది" అంది.

ఈస్టరు రోజున చర్చిలో పసివాడి నెత్తిన నీళ్లు పడ్డాయి. మధ్యాహ్నం పెరట్లో పందిరి కింద ముప్పై విస్తళ్లు. తెచ్చిన కోళ్ల కూర ఒక గుండిగలో, ఇంటి కోడిపిల్లలు మూడింటి కూర విడిగా ఒక చిన్న గిన్నెలో. ఆ చిన్న గిన్నెను మరియమ్మ తనే తీసుకెళ్లి వియ్యపురాలి విస్తట్లో వడ్డించింది. నేను నీళ్ల గ్లాసులు సర్దుతూ పక్కనే ఉన్నాను. వియ్యపురాలు ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగింది. మరియమ్మ కూడా ఆగింది. నేనైతే ఊపిరి తీసుకోవడం కూడా ఆపాను.

"వదినా, గింత రుచిగల్ల కోడి నేను తినలే. ఏం మేపినవ్ వీటికి?"

మరియమ్మ నా వైపు చూసింది. రెండేళ్ల బరువు దిగిపోయిన ముఖం అది. "నాకేం తెల్వదు వదినా. మా సారే, రోజూ రాగిజావ కాచి, పెసలు మొలకలు కట్టి మేపిండు. మస్తు సదువుకున్నడు."

పందిరి కింద అందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. సీతారాములుకు పొలమారింది. నేను వినయంగా తలవంచుకుని, ఖాళీగా ఉన్న ఒక విస్తరి ముందు కూర్చుని, కూర వడ్డించుకున్నాను. తర్వాత ఇంకోసారి వడ్డించుకున్నాను. మూడోసారి మరియమ్మే వడ్డించింది.

ఆ విస్తరి ముందే, ఎడమ చెయ్యి గుండెల మీద పెట్టుకుని, కుడిచేతిలో కోడికాలు పట్టుకుని నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో ఏ ప్రాణి ఏం తినాలో నేను నిర్ణయించను. పిల్లి చేప అడిగితే చేప, పులి నన్ను అడిగితే అది కూడా దాని ఇష్టం. ఆ మాట మీద ఇన్నేళ్లుగా నిలబడ్డాను. మా ఆవిడ మాత్రం ఈ మధ్య డాక్టరు చెప్పాడని పొద్దున్నే నా ముందు ఒక గిన్నె పెడుతోంది. రాగిజావ. నేను అది తాగుతూ, పక్కింటివాళ్ల కోళ్ల వైపు చూడకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నిస్తున్నాను.